ముందు కట్టండి, గీత తర్వాత

ఆర్కిటెక్చర్ చదువు ఐదేళ్ళు. రాజమండ్రి చుట్టుపక్కల కోరుకొండ, గోకవరం, రాజానగరం వైపు నుంచి విజయవాడకో విశాఖకో హైదరాబాదుకో వెళ్ళి ఆ చదువులో చేరిన పిల్లలు సెలవులకు ఇంటికొస్తుంటారు. గోడ గీసే పని వాళ్ళకు రోజూ ఉంటుంది. గోడ కట్టే పని చాలామందికి మూడో ఏడు దాటినా రాదు. కాలేజీ వరస అలాంటిది: ముందు కాన్సెప్టు, తర్వాత ప్లాను, ఆపైన మోడలు, చివర్లో జ్యూరీ. కట్టడమనేది డిగ్రీ చేతికొచ్చాక కాంట్రాక్టరు చూసుకునే సంగతి. ఆ వరసను తిరగేయమని నా సలహా. మీ మాస్టర్లకు ఇవి తలకిందుల మాటలుగా తోచవచ్చు, ఒకటి రెండింటికి మార్కులు తగ్గనూ వచ్చు. అయినా ఇలాగే చెయ్యండి.

షీటు ముట్టుకోకముందే ఒక గోడ కట్టండి. మూడడుగుల పొడవు, నడుమెత్తు, మీ పెరట్లో ఓ మూల చాలు. ఇటుకలు బట్టీకి మీరే వెళ్ళి ఎంచుకోండి. రెండిటిని చేతుల్లోకి తీసుకుని ఒకదానితో ఒకటి తట్టండి. బాగా కాలిన ఇటుక ఖంగున మోగుతుంది, సరిగా కాలనిది దబ్బుమంటుంది. గోటితో గీకితే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తు నుంచి నేల మీదికి వదిలితే పగలకూడదు. ఒకదాన్ని తూకం వేసి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూయండి. బరువు ఐదో వంతుకు మించి పెరిగితే ఆ సరుకు వద్దని చెప్పండి. ల్యాబు లేకుండా ఎవరైనా చేసుకోగల పరీక్షలివి.

తర్వాత మేస్త్రి గారి పక్కన కూర్చుని కట్టండి. ఇటుకను తడిపి పెట్టాలని పుస్తకంలో ఉంటుంది. పొడి ఇటుక మాలులోని నీళ్ళు తాగేస్తుంది, మాలు గట్టిపడకుండానే ఎండిపోతుంది. మీ గోడలో ఒక్క ఇటుకను కావాలని పొడిగా పెట్టి, కొన్నాళ్ళాగి ఊపి చూడండి. ఆ పేజీ మళ్ళీ చదవనక్కర్లేదు.

అంతకన్నా పెద్ద పాఠం వరసల్లో ఉంది. కిటికీ అడుగు 900 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలని మీరు షీటు మీద గీస్తారు. మన బట్టీల ఇటుక మందం సుమారు మూడంగుళాలు, మాలుతో కలిపి వరస మూడున్నర. పది వరసలకు ముప్ఫై ఐదంగుళాలు, అంటే 889 మిల్లీమీటర్లు. మిగిలిన పదకొండు మిల్లీమీటర్లను ఎవరు పూడ్చాలి? మేస్త్రి గారు ఒకచోట మాలు మందంగా పరుస్తారు, ఇంకోచోట ఇటుకను చెక్కి ముక్క పెడతారు. ఇల్లంతటా అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో, ఎన్ని ఇటుకలు చిప్పలై పోతాయో షీటు మీద కనిపించదు. ఒక్క గోడ చేత్తో కట్టిన అమ్మాయి ఆ తర్వాత కిటికీని వరసలు లెక్కపెట్టి గీస్తుంది.

అదే గోడను రెండోసారి ర్యాట్ ట్రాప్ బాండ్‌లో కట్టండి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో గూడులాగా ఖాళీ వదులుతూ పోయే పద్ధతి ఇది. గోడ మందం తొమ్మిదంగుళాలే ఉంటుంది, ఇటుకలు సుమారు పాతిక శాతం తగ్గుతాయి, మధ్యలో గాలి ఉండటం వల్ల ఎండ వేడి లోపలికి నెమ్మదిగా వస్తుంది. తిరువనంతపురంలో ఆర్కిటెక్టు లారీ బేకర్ తాను కట్టిన ఇళ్ళలో దీన్ని విరివిగా వాడారు. 1917లో ఇంగ్లండులో పుట్టి, గాంధీ గారిని కలిసి, ఈ దేశంలో స్థిరపడి, 1989లో భారత పౌరుడైన మనిషి ఆయన. చిత్తు కాగితం మీద నాలుగు గీతలు గీసుకుని, మిగిలింది సైటులో మేస్త్రీల మధ్య నిలబడి తేల్చేవారు. మీరు కట్టిన రెండు గోడలకూ ఎన్ని ఇటుకలు పట్టాయో, ఎంత మాలు పట్టిందో, ఎంతసేపు పట్టిందో విడివిడిగా రాసుకోండి. మీ మొదటి డ్రాయింగు ఆ లెక్కలోంచి రావాలి.

ప్రాజెక్టు విషయానికొస్తే, వీలైనంత చిన్నది ఎంచుకోండి. థీసిస్ అనగానే మన వైపు పిల్లల చూపు మధురపూడి మీద పడుతుంది. రాజమండ్రి విమానాశ్రయం కోరుకొండ మండలంలోనే ఉంది కదా, దానికో టెర్మినల్ గీద్దామని. టెర్మినల్ గురించి మీకు తెలిసేదంతా వేరేవాళ్ళ డ్రాయింగుల్లోంచి వచ్చిందే. దాని బదులు డెబ్బై రెండు గజాల ఇంటిని తీసుకోండి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇళ్ళ పట్టాలు ఇచ్చినప్పుడు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున లెక్క కట్టింది. సెంటున్నరంటే డెబ్బై రెండు గజాల పైచిలుకు. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్ఫై ఆరు అడుగుల పొడవు అనుకోండి. దేశంలో ఏ పెద్ద ఆర్కిటెక్టుకైనా చెమట పట్టించే కొలత అది.

ఈ ఇంటిని కాగితం మీద గీయకండి. పంట తీసేసిన కళ్ళంలో ముగ్గుపిండితో అసలు కొలతకు గీయండి. గోడలు, తలుపులు, మరుగుదొడ్డి అన్నీ. నిజం మంచం ఒకటి మోసుకొచ్చి వేయండి. గ్యాస్ బండ, నీళ్ళ డ్రమ్ము, బీరువాకు బదులు అంత అట్టపెట్టె పెట్టండి. ఊళ్ళో ఇల్లు నడుపుతున్న ఒక పెద్దామెను బతిమాలి పిలిచి, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చేసే పనులన్నీ ఆ గీతల మధ్య నడిచి చూపించమనండి.

"పొయ్యి సరే. గిన్నెలెక్కడ తోముకోవాలమ్మా?"

"సింకు ఉంది కదండీ పిన్నిగారూ, ఇదిగో ఇక్కడ."

"అందులో అన్నం గిన్నె పట్టద్దేటమ్మా? కూర్చుని తోముకునే చోటేదీ? బియ్యం ఎక్కడ చెరుక్కోవాలి? మా అమ్మాయి పురిటికొస్తే ఉయ్యాల ఎక్కడ కట్టాలి?"

ఆవిడ ఆగిన చోటల్లా గీత చెరపండి, మళ్ళీ గీయండి. సాయంత్రానికి ముగ్గుపిండి అయిపోతుంది, ప్లాను తయారవుతుంది. దాన్ని కొలిచి అప్పుడు కాగితం మీదికి ఎక్కించండి. ఇంటి వెనక రెండడుగుల చప్టా, దూలానికి ఉయ్యాల కొక్కెం, సామాను దాచుకునే అటక వచ్చి చేరిన ప్లాను అది. వాటిలో ఏ ఒక్కటీ మీ సాఫ్ట్‌వేరు గుర్తు చేసేది కాదు.

సైటు చూడటానికి మంచి రోజు, చల్లటి వేళ ఎంచుకోకండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. కోరుకొండ పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అంటే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు గోడకు ఎండ పడదని, ఉత్తరపు వెలుగు చల్లనిదని చల్లటి దేశాల పుస్తకాల్లో చదివిన మాట మన ఎండాకాలంలో నిలవదు. ఆ నెలల్లో ఉత్తరం వైపు గోడకూ చూరు కావాలి. నిలువు కర్ర ఒకటి పాతి, గంటగంటకూ నీడ కొనను గుర్తు పెట్టండి. ఒక్క పూటలో ఈ సంగతి మీ కళ్ళకే కనిపిస్తుంది.

కోరుకొండ కొండ మీది నరసింహస్వామి గుడికి ఆరు వందల పైచిలుకు మెట్లున్నాయి. చెప్పులు విప్పి, టేపు పట్టుకుని ఎక్కండి. మెట్టు ఎత్తు రెండింతలు చేసి దానికి మెట్టు వెడల్పు కలిపితే అరవై, అరవై మూడు సెంటీమీటర్ల మధ్య రావాలని తరగతిలో సూత్రం చెప్తారు. కొండ మెట్లు ఆ సూత్రానికి ఎక్కడ సరిపోతున్నాయో, ఎక్కడ తప్పుతున్నాయో రాసుకోండి. అంతకన్నా ముఖ్యంగా, ముసలివాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో, చంటిపిల్లల తల్లులు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. వాళ్ళు ఆగే చోటు నీడను బట్టి ఉంటుందా, ఎత్తును బట్టా, గాలిని బట్టా? దీన్నొక మ్యాపుగా వేస్తే మెట్లదారి డిజైను గురించి మీకు ఎవరూ ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

వానలోనూ వెళ్ళండి. ఇదే మండలంలో బూరుగుపూడి ఆవ భూముల్లో రాజమండ్రి పేదలకు ఇళ్ళ స్థలాలు ఇవ్వాలన్నప్పుడు అవి ముంపు నేలలని వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్ళింది. ఆవ అంటే వాన నీళ్ళు వచ్చి చేరే పల్లం, ఇక్కడి రైతుల్లో ఎవరిని అడిగినా చెప్తారు. వేసవిలో ఎండిన నేల ఫొటో తీసుకొచ్చి దాని మీద కాలనీ గీసే విద్యార్థికి నీళ్ళు కనపడవు. జోరువానలో గొడుగు పట్టుకుని గంటసేపు నిలబడితే నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోలేక నిలుస్తున్నాయో తెలుస్తుంది.

కాపీ కొట్టండి. సిగ్గుపడకుండా, కొలిచి మరీ కొట్టండి. ఒరిజినాలిటీ కోసం మొదటి రెండేళ్ళు తపించి మంచి కళ్ళు పాడుచేసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను కావేరి మీది పాత కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నామని స్వయంగా రాశాడు. అంతటి ఇంజినీరు చోళుల కాలపు పనివాళ్ళ దగ్గర నేర్చుకుని, ఎక్కడ నేర్చుకున్నదీ ఒప్పుకున్నాడు. మనమూ కాపీ కొట్టిన చోటు పేరు షీటు మీద రాయాలి.

ఏం కాపీ కొట్టాలంటే, మొదట తాటాకిల్లు. చూరును నడుమెత్తుకు దించుతారు. గాలివాన కింద నుంచి దూరి కప్పును ఎత్తకుండా, మట్టిగోడకు జల్లు కొట్టకుండా ఆ ఒక్క వాలు రెండు పనులు చేస్తుంది. ఆకును చూరు నుంచి మొదలుపెట్టి వెన్నుగాడి దాకా ఒకదాని మీద ఒకటి కప్పుకుంటూ పోతారు. అందుకే నీటిబొట్టు ఆకు మీది నుంచి ఆకు మీదికే జారుతుంది. ఇప్పటికీ ఆకు కప్పే మనుషులున్నారు, పిల్లలు నేర్చుకోవడం మానేశారు. వాళ్ళు పనిలో ఉండగానే ఒక పాక కప్పించుకుని, పక్కనే నిలబడి ఒక వరస మీరు కప్పండి. తర్వాత కోనసీమ మండువా లోగిలి. నాలుగు వైపుల కప్పులూ నడిమి మండువాలోకి వాలుతాయి. ఆ నీరు ఏ తూములోంచి ఎక్కడికి వెళ్తుందో నేల తడిమి చూసి గీయండి. ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం నాసా పెట్టే పోటీల్లో ఇలా పాత కట్టడాలను కొలిచి నమోదు చేసేవారికి లూయీ కాన్ పేరిట ట్రోఫీ కూడా ఉంది. ట్రోఫీ రాకపోయినా కొలతలు మీ దగ్గరే ఉంటాయి.

మేస్త్రితో వాదనలో ఓడిపోండి. కనీసం మొదటి కట్టడం అయ్యేదాకా.

"బాబుగారూ, కిటికీ మరీ మూలకి తోసేసారండి. మూల నుంచి ఇటుకన్నరైనా గోడుండాలండి, లేపోతే మూల విచ్చుకుపోద్దండి."

"అక్కడుంటేనే కొండ కనపడుద్ది మేస్త్రి గారూ."

"కొండ ఎక్కడికీ పోదండి, గోడే పోద్ది."

మీ ఎలివేషన్ ఎంత అందంగా ఉన్నా ఇక్కడ ఒప్పుకోవాలి. భూకంపాలకు తట్టుకునే కట్టుబడి గురించిన ప్రమాణాల్లోనూ కిటికీలను మూలకు దూరంగా పెట్టమనే ఉంది. మేస్త్రి గారు ఆ ప్రమాణం చదవలేదు, పగిలిన మూలలు చూశారు. ఒకవేళ ఆయన చెప్పింది తప్పయినా గోడ కట్టాక ఇద్దరూ చూస్తారు, రెండోసారి ఆయనే మిమ్మల్ని అడుగుతారు. ధవళేశ్వరంలో వేలమంది కూలీలను సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్న లేకపోతే కాటన్ దొర పటాలు పటాలుగానే ఉండేవని గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. మీ షీటు మీద కింద మూలలో మీ పేరు, రోల్ నంబరు ఉన్నచోటే మేస్త్రి పేరు, ఆకు కప్పిన ఆయన పేరు, వాళ్ళు ఒప్పుకుంటే రాయండి. జ్యూరీ అడిగితే వాళ్ళ వాటా ఏమిటో చెప్పండి. మీకు నేర్పుతూ కట్టడం వల్ల ఆయన పని నెమ్మదిస్తుంది. ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వడం మర్చిపోవద్దు.

ఊరిని ఉద్ధరించాలని బయలుదేరకండి. ఇది కటువుగా వినిపించినా బాగా ఆలోచించి చెప్తున్నాను. సెలవుల్లో పదిమంది వచ్చి, కొత్త పద్ధతిలో ఒక పేదవాడికి గది కట్టి, ఫొటోలు దిగి వెళ్ళిపోతే మొదటి వానకు కారే కప్పు కింద పడుకునేది వాళ్ళు కాదు. ప్రయోగం మీ ఇంట్లో చేయండి. పశువుల పాక, పెరటి స్నానాల గది, కట్టెల కొట్టం, ప్రహరీలో కూలిన ముక్క. కారితే మీ నాన్నగారు తిడతారు, మీరే ఎక్కి బాగుచేస్తారు. అమెరికాలోని అలబామాలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ 1993లో మొదలుపెట్టిన రూరల్ స్టూడియో విద్యార్థుల చేత పేదల ఇళ్ళు కట్టించి లోకమంతా పేరు తెచ్చుకుంది. దాని బలం అది హేల్ కౌంటీని, ఆ చుట్టుపక్కల్ని విడిచిపెట్టకుండా అక్కడే ఉండిపోవడంలో ఉంది. నిన్నటి బ్యాచ్ కట్టిన ఇంటి బాగోగులు నేటి బ్యాచ్ వెళ్ళి చూసుకునేంత దగ్గర. అలా ఇరవై ఏళ్ళు ఒకే చోట ఉండగలమనుకున్నప్పుడు ఊరి ఇళ్ళ జోలికి వెళ్ళండి.

జట్టుగా పనిచేసేటప్పుడు ఎవరికి చేతనైన పని వాళ్ళకు ఇవ్వకండి. రెండర్లు బాగా చేసే కుర్రాడిని వెదుళ్ళ బేరానికి పంపండి. నలుగురిలో నోరు విప్పని అమ్మాయి మేస్త్రితో మాట్లాడాలి. లెక్కలంటే పారిపోయేవాడి చేతికి ఖర్చుల పుస్తకం ఇవ్వండి. పని ఆలస్యమవుతుంది, కొంత డబ్బు వృథా అవుతుంది. చివరికి జట్టులో ప్రతివాళ్ళకూ కట్టడం మొత్తం తెలుస్తుంది.

సామూహికంగా కట్టడమంటే ఏమిటో చూడాలంటే అలబామా దాకా వెళ్ళనక్కర్లేదు. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు వెళ్ళండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. వెదురు వంచి, కట్టి, రంగుబట్టలు చుట్టి ఊరూరా తయారుచేసిన ఆ ఎత్తయిన కట్టడాలను మనుషులు భుజాల మీద మోసుకుంటూ వరిచేల మీదుగా తెస్తారు. గంగలకుర్రు ప్రభలయితే కౌశిక కాలువలో దిగి దాటుతాయి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. తీర్థం రోజు చూసి రావడంతో ఆగకండి. నాలుగు రోజులు ముందే వెళ్ళి కట్టేచోట కూర్చోండి. ఏ వెదురు లేతది, ఏది ముదురు, వంపు దగ్గర ఎందుకు రెండు బద్దలు జోడిస్తున్నారు, ముడి ఎటు తిప్పి బిగిస్తున్నారు, మోసేవాళ్ళు ఎంత ఎడంలో నిలబడతారు అని అడగండి. ఆ బరువు ఎవరి భుజం మీద ఎంత పడుతుందో లెక్కకట్టి చూడండి. స్ట్రక్చర్స్ సబ్జెక్టు భయం పోతుంది.

కట్టినదాన్ని విరగ్గొట్టండి. దీన్ని చాలా కాలేజీల్లో సరిగా చేయనివ్వరు, మోడల్ జ్యూరీ దాకా భద్రంగా ఉండాలి కాబట్టి. ఒక గొలుసును రెండు మేకులకు వేలాడదీసి, ఆ వంపును అట్ట మీద గీసి తలకిందులు చేయండి. 1670లలో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ కనిపెట్టిన ఉపాయమిది. వేలాడే గొలుసులో లాగుడు తప్ప మరేం ఉండదు, తిరగేసిన ఆర్చిలో నొక్కుడు తప్ప మరేం ఉండదు. ఆ అట్టనే సెంట్రింగుగా పెట్టి మాలు లేకుండా పొడి ఇటుకలతో మోకాలెత్తు ఆర్చి పేర్చండి. సెంట్రింగు తీసేయండి. నిలబడుతుంది. తర్వాత ఒక పక్కగా చిన్న ఇసుక సంచులు ఒక్కొక్కటే పెడుతూ, చుట్టూ ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా, ఫోనులో వీడియో తీయండి. కూలేముందు నాలుగు చోట్ల కీలు విడిపోయినట్టు ఇటుకలు తెరుచుకుంటాయి. ఆ నాలుగు చోట్లనూ గీయండి.

ఈజిప్టులో ఆర్కిటెక్టు హసన్ ఫతీ పచ్చి ఇటుకలతో, చెక్క సెంట్రింగు కొనే డబ్బు లేని రైతుల కోసం కమాను కప్పులు వేయబోతే బహ్తీంలో అవి కూలిపోయాయి. ఆయన 1941లో అస్వాన్ వెళ్ళి, సెంట్రింగు లేకుండా అలాంటి కప్పులు వేసే నూబియా మేస్త్రీలను కలిశాడు. వరసలను వెనక గోడకు ఆనించి వాలుగా పేర్చడమే వాళ్ళ కిటుకు. బహ్తీంలో కప్పులు కూలకపోయి ఉంటే ఆయన ఆ మేస్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళేవాడు కాదు.

ఎప్పుడు, దేనితో మొదలుపెట్టాలో తేలకపోతే ఫాల్గుణంలో మొదలుపెట్టండి. ఆ మాసంలో కోరుకొండ స్వామికి కల్యాణం, రథోత్సవం జరుగుతాయి, జనం తండోపతండాలుగా వస్తారు, అప్పటికి ఎండ ముదురుతుంటుంది. పది అడుగుల చదరం చలివేంద్రం పందిరి ఒకటి వెదుళ్ళు, తాటాకుతో కట్టండి. పంచాయతీ, దేవస్థానం అనుమతి నెల ముందే రాతపూర్వకంగా అడగండి. పొయ్యి, దీపం పందిరి కింద పెట్టనివ్వకండి. ముడులకు నారతాడు వాడండి, మేకు కొడితే వెదురు చీలుతుంది. నాలుగు గుంజలనూ రెండడుగులు దించి, మూలమూలకూ ఏటవాలు కట్టు వేయండి, ఫాల్గుణపు సాయంత్రాల్లో గాలి ఉన్నట్టుండి లేస్తుంది. తీర్థం అయిన మర్నాడు పొద్దున్నే మీరే విప్పండి. ఏ ముడి వదులైంది, ఏ గుంజ కుంగింది, కుండల దగ్గర నేల ఎంత బురదయింది, జనం ఏ వైపు నుంచి లోపలికొచ్చారు అన్నది విప్పేటప్పుడే రాసుకోండి. వెదుళ్ళు ఇంటికి తెచ్చి నీడలో పేర్చండి. ప్లాను, ఎలివేషను, సెక్షను అప్పుడు గీయండి, మూడూ ఒకే సాయంత్రం అవుతాయి.